మూడో ఎర్రలైటు

మార్చి 4

మాట్లాడకూడదట. గుసగుసలు అసలే వద్దట, వాటికే గొంతు ఎక్కువ అలిసిపోతుందట. నవ్వొస్తే శబ్దం రాకుండా నవ్వుకోవాలట. ఆపరేషన్ బాగా జరిగిందని, తీసిన దాంట్లో భయపడాల్సిందేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయట. చేతులకు కాస్తాయని తెలుసు కానీ గొంతుకు కూడా కాస్తాయని ఇప్పుడే వింటున్నాను.

"గొంతు వస్తుంది మాస్టారూ. ఎలాంటి గొంతు వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను" అంది.

నేను అరవను. కాస్త గట్టిగా చెబుతానంతే. డ్రైవింగ్ నేర్పేవాడు మెల్లగా చెబితే ఎదురుగా వచ్చే లారీ ఆగుతుందా?

నోరు కట్టేసుకుని కూర్చోలేక ఈ డైరీ మొదలుపెట్టాను. దీన్ని ఎవరూ చదవరు. ఇందులో ఎంత గట్టిగా చెప్పినా కాయలు కాయవు.

మార్చి 5

పిల్లలు రాసి చెరుపుకునే పలక ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది మా ఆవిడ. ఇక నీ మాటలన్నీ దీని మీదే అన్నట్టు. పొద్దున్న దాని మీద "టీ చల్లారిపోయింది" అని రాస్తున్నాను. ఇంకా "పోయింది" దగ్గరే ఉన్నాను. "వేడివి తాగొద్దంది డాక్టరు. కావాలనే చల్లార్చాను" అని నా మొహం కూడా చూడకుండా చెప్పి వెళ్ళిపోయింది.

నేను నోరు తెరవకముందే ఆవిడకి అంతా తెలిసిపోతుంటే, ఇన్నేళ్ళూ నేను ఎవరికి చెప్పినట్టు?

మార్చి 7

స్కూలు మూసేశాను. స్కూలంటే ఒక బోర్డు, ఒక కారు, నేను. బోర్డు మీద సెలవు కాగితం అంటించే పని మా బావమరిదికి అప్పగించాను. తాళంచెవులు చేసే కొట్టు వాడిది, స్కూలు బోర్డుకి ఎదురుగానే. బుద్ధిగా అంటించి ఊరుకుంటే వాడు వాడెందుకవుతాడు? "మాస్టారికి గొంతు బాగులేదు, కొన్ని వారాలు సెలవు" అని నేను రాసిచ్చిన దాని కింద "వీధివారు ఈ అవకాశాన్ని వినియోగించుకోగలరు" అని తన సొంత కవిత్వం చేర్చాడు.

ఈ వీధిలో నన్ను బ్రేక్ మాస్టారంటారు. నేర్చుకునేవాళ్ళకి నేను చెప్పే "బ్రేక్, బ్రేక్" పక్కవీధి దాకా వినబడుతుందట. గొంతు వచ్చాక నా నోట్లోంచి వచ్చే మొదటిమాట కూడా అదేనని బావమరిది పందెం కాశాడు. ఓడినవాడు నెలరోజులపాటు కారు కడగాలి. సరేనని తలూపాను. తలూపడానికి డాక్టరమ్మ అడ్డు చెప్పలేదు కదా.

మార్చి 9

షెడ్డులో కారు వెనక్కి పెట్టినప్పుడు గోడ మీద పడే ఎర్రటి వెలుగు చూశాను. కుడి ఇండికేటర్ వేస్తే ఆ పక్క బ్రేకు లైటు కూడా దానికి తాళం వేస్తోంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ నీరసపడుతోంది. ఎర్తు పోయింది, ఇంకేం కాదు. వెనకొచ్చేవాడికి మనం ఆగుతున్నామో తిరుగుతున్నామో తెలియకపోతే ఎలా? మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే నోరు విప్పి చెప్పాలి. అందుకని నేనే చేస్తాను.

చేసేటప్పుడే ఇంకో పని కూడా. పాతసామాన్ల కొట్లో కొన్న పొడుగాటి ఎర్రలైటు ఒకటి అటక మీద పడి ఉంది. దాన్ని వెనక అద్దంలో పైకి బిగిస్తే బ్రేకు తొక్కినప్పుడు కింద రెండు, పైన ఒకటి, మొత్తం మూడు వెలుగుతాయి. నేర్చుకునేవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతారు. వెనకవాడికి ఎత్తున కనబడితే మంచిది.

ఈ ఆలోచన రాగానే ఆకలి వేసింది. ఆపరేషన్ తర్వాత ఆకలి వెయ్యడం ఇదే మొదలు.

మార్చి 10

ఆహా. ఇవాళ పొద్దంతా డిక్కీలోనే కాపురం. పరుపులా ఉండే గుడ్డ ఎత్తి, లోపలి అట్ట పీకి చూస్తే ఎర్తు స్క్రూ తుప్పుపట్టి ఇటుకరంగులో ఉంది. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ మెరిసేలా చేసి కొత్త స్క్రూ బిగించాను. కుడి ఇండికేటర్ తన పని తను, బ్రేకు తన పని తను చేసుకుంటున్నాయి. ఒకరి వ్యవహారంలో ఒకరు వేలు పెట్టడం మానేశారు. ఎంత సంతోషంగా ఉందంటే ఈల వెయ్యబోయి ఆగిపోయాను. ఈల గురించి డాక్టరమ్మ ఏమీ చెప్పలేదు, అయినా ఎందుకొచ్చిన గొడవ.

గుడ్డ కింద ఒక దిండు దొరికింది. మా ఆవిడ పొట్టి. ఎప్పుడో డ్రైవింగ్ నేర్చుకుంటానని కూర్చున్నప్పుడు ఎత్తుకోసం వేసుకున్న దిండు. రెండో రోజో మూడో రోజో నడిరోడ్డు మీద కారు ఆపి, దిగి, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు ఎండ చాలా ఎక్కువగా ఉంది. ఎండకి తట్టుకోలేకపోయింది పాపం.

ఆవిడ వచ్చి దిండు చూసింది. దుమ్ము దులిపి ఇంట్లోకి తీసుకెళ్ళిపోయింది.

మార్చి 11

దిండుకి కొత్త గలీబు కుట్టింది. ఎందుకని అడుగుదామంటే పలక కనబడలేదు.

మార్చి 12

ఇవాళ తెలిసింది. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, టేపు ముక్క పళ్ళ మధ్య పట్టుకుని తీగలు వెతుకుతున్నాను. సరిగ్గా అప్పుడు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

మా ఆవిడ పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రక్తం తీయడంలో ఆవిడ చెయ్యి మంచిదని పేరు. సూది గుచ్చినట్టే తెలియదంటారు. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకే వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని కొత్తగా పెడుతున్నారట. ల్యాబువాళ్ళు కారిస్తారు, నడపడం మాత్రం రావాలి. ఆవిడకి ఆ పని కావాలి. ఎంత కావాలంటే, నాకు చెప్పకుండానే లెర్నర్స్ తీసుకుని, లైసెన్సు పరీక్షకి పేరిచ్చేసింది. ఏప్రిల్ 2. అది తప్పితే మళ్ళీ తేదీ దొరికేసరికి ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

"రోజంతా గాజు గొట్టాలు చూసీ చూసీ విసుగొచ్చింది. మనుషుల ఇళ్ళకి వెళ్ళాలని ఉంది" అంది.

నేను టేపు తీసి పలక కోసం చెయ్యి చాచాను. ఆవిడ ఇవ్వలేదు.

"మీరు నేర్పుతారా అని అడగడం లేదు. పక్కన కూర్చుంటారా అని అడుగుతున్నాను."

లైసెన్సు ఉన్నవాడు పక్కన ఉంటేనే కదా, లేనివాళ్ళు నడపడానికి వీలయ్యేది. తలూపాను. ఆవిడ వెళ్ళాక చాలాసేపు అలాగే వెల్లకిలా పడుకున్నాను. నేర్పొద్దు, కూర్చుంటే చాలనడం ఏమిటి? ఊళ్ళో సగం మందికి నేర్పినవాణ్ణి.

తీగ దొరికింది. నా వైపు, కిందనే. బ్రేకు తొక్కితే కరెంటు వస్తోంది, వదిలితే పోతోంది. టెస్టరు పెట్టి చూశాను. కొత్త లైటుకి దీన్నుంచే లాగుతాను.

మార్చి 13

తీగని కారు తలుపుల అంచుల్లోంచి, వెనక సీటు కిందనుంచి అద్దం దాకా లాగి బిగించాను. ఎక్కడా వేలాడకుండా, పెళ్ళికూతురి జడలా తీర్చిదిద్దాను. నేను నా సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాను. మా ఆవిడ వెనక నిలబడి చూసింది. వెలిగిందా అని అరవలేను కనుక, వెలిగితే డిక్కీ మీద తట్టమని ముందే పలక మీద రాసి చూపించాను. టకటకమని తట్టింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ తట్టింది. మూడూ వెలుగుతున్నాయట. తొక్కడం, తట్టడం అలా చాలాసేపు చేశాం. పనేమీ లేకపోయినా.

మార్చి 16

మొదటి పాఠం. మూతపడిన గిడ్డంగి ముందున్న ఖాళీస్థలంలో. ఈ కారుకి బ్రేకులు రెండు. నేర్చుకునేవాళ్ళ కాలికింద ఒకటి, పక్కసీట్లో నా కాలికింద ఒకటి. ఈ ఊరివాళ్ళ ప్రాణాలు ఇంతకాలం నిలబడింది నా పెడల్ వల్లే.

మా ఆవిడ దిండు వేసుకుని కూర్చుంది. కారు ఎగిరి ఆగింది. మళ్ళీ ఎగిరి ఆగింది. క్లచ్ మెల్లగా వదలమని చెప్పడానికి నోరు తెరిచి, మూశాను. అద్దంలో చూసుకుంటే నీళ్ళలోంచి తీసిన చేపలా ఉన్నాను. ఆవిడ కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏం జరిగిందో తనలో తనే ఆలోచించుకుంది. తర్వాత కారు వెన్నలా కదిలింది. నేను ఏమీ చెప్పకుండానే. ఇదెక్కడి విడ్డూరం?

బ్రేకు మీద నేను కాలే పెట్టలేదు. ఒకటి రెండుసార్లు పెట్టానేమో, అంతే.

ఇంటికి వస్తుంటే "ఎంత హాయిగా ఉందో" అంది. గాలి గురించి అయి ఉంటుంది.

మార్చి 18

ఇవాళ్టి నుంచి రోడ్డు మీద. దగ్గరగా ఎవరూ రాకుండా కాపలాకని బావమరిది స్కూటర్ మీద మా వెనకాలే వచ్చాడు. దిగగానే "బావా, మీ కొత్త లైటు తేడాగా ఉంది. బ్రేకు పడినప్పుడల్లా కింద రెండూ వెలుగుతున్నాయి, పైది దానికి బుద్ధిపుట్టినప్పుడు వెలుగుతోంది" అన్నాడు.

ఎక్కడో లూజు. సాయంత్రం హోల్డరు విప్పి బిగించాను. నా సీట్లో కూర్చుని తొక్కి చూశాను. గోడ మీద ఎర్రగా పడింది. బాగానే ఉంది.

మార్చి 19

మళ్ళీ అదే ఫిర్యాదు. జాయింట్లన్నీ విప్పి మళ్ళీ అతికాను. తొక్కి చూశాను. బాగానే ఉంది.

మార్చి 20

బాగానే ఉంది. అబద్ధాలకోరు మా బావమరిదే.

మార్చి 21

ఫ్యూజు మార్చాను. బల్బులు మార్చాను. షెడ్డులో ఉన్నంతసేపూ నిప్పుల్లా వెలుగుతుంది, వీధి దాటితే మొండికేస్తుందట. బావమరిది ఇవాళ ఇంకా లోతుగా పరిశోధన చేశాడు. సిగ్నల్ దగ్గర మామూలుగా ఆగితే వెలగదట. ఎవరైనా అడ్డం వస్తే వెలుగుతుందట. లారీ వచ్చినప్పుడు వెలిగిందట, కుక్క వచ్చినప్పుడు వెలిగిందట, సైకిల్ మీద ముసలాయన దూరంగా కనబడినా వెలిగిందట.

"దీనికి భయమెక్కువ బావా" అన్నాడు.

లైటుకి భయమేమిటి, నీ మొహం, అని పలక మీద రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

మా ఆవిడ నడపడం గురించి రాయడం మర్చిపోతున్నాను. బాగా నడుపుతోంది. ఇండికేటర్ వేసే ముందు అద్దం చూస్తోంది. చూడమని నేను చెప్పలేదు, చెప్పలేను కదా.

మార్చి 23

ఈ తేదీ కింద గీత గీసుకోవాలి.

లైటు సంగతి ఇవాళ తేల్చేయాలని ముగ్గురం షెడ్డులో చేరాం. నేను వెనకవైపు తీగ పట్టుకుని కూర్చున్నాను. తొక్కమని సైగ చేశాను. మా ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుని తొక్కింది. కింద రెండూ వెలిగాయి. పైది చీకటి. మళ్ళీ తొక్కింది. మళ్ళీ చీకటి. సరే, దొంగ దొరికాడు, తీగ ఎక్కడో తెగిందనుకుని నేను మోకాళ్ళ మీద లేస్తున్నాను. నిలబడీ నిలబడీ కాళ్ళు పీకాయని బావమరిది వచ్చి పక్కసీట్లో కూలబడ్డాడు. ఖాళీగా కూర్చోవడం వాడికి చేతకాదు. కాలికి తగిలిన నా పెడల్ తొక్కాడు.

మూడూ వెలిగాయి.

వాడు కాలు తీశాడు. పైది ఆరింది. పెట్టాడు. వెలిగింది. షెడ్డులో ఎవరూ కిమ్మనలేదు. నేనైతే ఎలాగూ అనను.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట లైసెన్సు పరీక్షల ఆఫీసువాళ్ళు నా పెడల్‌కి ఒక బజరు పెట్టించారు. పక్కసీటువాడు బ్రేకు తొక్కితే కుయ్యిమనాలి, ఆపింది నేర్చుకునేవాడు కాదని తెలియాలి. రోజంతా కుయ్యికుయ్యిమని చెవుల్లో పోరు పెడుతుంటే విసుగొచ్చి పీకేశాను. దాని తీగ అక్కడే ఉండిపోయింది. కొత్త లైటుకి నేను పట్టుకున్నది ఆ తీగనే. ఇరవైయేళ్ళుగా పక్కసీట్లో కూర్చున్నవాణ్ణి, బ్రేకనగానే నా కాలికి తెలిసింది ఆ పెడలొక్కటే. టెస్టరు పెట్టినా దాన్నే తొక్కాను, బల్బు మార్చినా దాన్నే తొక్కాను. డ్రైవర్ వైపు ఇంకో పెడల్ ఉందన్న సంగతే తట్టలేదు.

"అంటే ఇన్నాళ్ళూ భయపడింది లైటు కాదన్నమాట" అన్నాడు బావమరిది.

మా ఆవిడ స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. హారన్ మోగింది, ఆ మోతకి ఇంకా నవ్వింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నాకూ లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చింది. శబ్దం రాకుండా ఆపుకోలేక డిక్కీలో తల పెట్టి, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాను. ఒళ్ళంతా ఊగిపోయింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇద్దరం కలిసి ఇంతసేపు నవ్వలేదు.

నవ్వు ఆగాక తీగ మార్చేస్తానని సైగ చేశాను. డ్రైవర్ వైపు స్విచ్చికి కలిపితే చాలు, చిటికెలో పని.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మార్చొద్దు. అలాగే ఉంచండి" అంది. "అప్పుడు నేర్చుకున్నప్పుడు కారు ఆగిన ప్రతిసారీ, ఆపింది నేనో మీరో నాకు తెలిసేది కాదు. తెలియకే దిగిపోయాను" అంది.

ఎండ వల్ల కాదన్నమాట.

మార్చి 24

బావమరిదికి కొత్త ఉద్యోగం దొరికింది. వెనకాలే వస్తూ, మూడో లైటు వెలిగినప్పుడల్లా స్కూటర్ హారన్ కొడుతున్నాడు. ఇవాళ దారిపొడుగునా పెళ్ళి ఊరేగింపులా వెళ్ళాం. అంత తొక్కుతున్నానా? తీగ ఎక్కడో షార్టవుతోందేమో చూడాలి.

మార్చి 25

చూశాను. షార్టేమీ లేదు.

మార్చి 26

కాలు సీటు కిందికి ముడిచి కూర్చున్నాను. పావురం ఒకటి రోడ్డు మీద వాలితే కాలు దానంతటదే బయటికి వచ్చింది. హారన్. మా ఆవిడ నా వైపు చూడకుండానే "నేను అప్పటికే తొక్కుతున్నాను" అంది. నిజమే. ఆవిడ బ్రేకు అప్పటికే పట్టింది. నా కాలికి ఆ సంగతి తెలియదు. అది ఎవర్నీ అడగదు.

మార్చి 27

చెప్పులు విప్పేసి సీటు మీద మఠం వేసుకుని కూర్చున్నాను. పక్క కారులోవాళ్ళు నన్నెవరో స్వాములవారనుకున్నారు, దణ్ణం పెట్టారు. కానీ వీధి చివరినుంచి సంతకి వెళ్ళి వచ్చేదాకా హారన్ వినబడలేదు. ఒక్కసారి కూడా.

కాళ్ళు ముడుచుకుని ఊరికే కూర్చుంటే తోచక ఆవిణ్ణి చూశాను. మలుపు దగ్గర కింద పెదవి కొరుకుతుంది. మలుపు తిరిగాక వదులుతుంది. సూది గుచ్చేముందు కూడా అంతే చేస్తుందేమో. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు, నేనెప్పుడూ రోడ్డే చూసేవాణ్ణి. బాగుంది.

మార్చి 28

డాక్టరమ్మ దగ్గరికి. మా ఆవిడే నడిపి, నన్ను దింపి, కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళింది. లోపల గొంతులోకి గొట్టం పెట్టి చూసి, శుభ్రంగా మానిందన్నారు. ఆ అనమన్నారు. అన్నాను. ఎవరో పక్కగదిలోంచి అన్నట్టుంది. రేపటినుంచి మెల్లగా, రోజుకు కాసిని మాటలు మాట్లాడుకోవచ్చట.

బయటికొచ్చాను. మా ఆవిడ కారుని రెండు పెద్ద కార్ల మధ్య గీతల్లో బొమ్మలా పెట్టి, పక్కన నిలబడి ఉంది. ఏమన్నారని అడిగింది.

పలక మీద "ఇంకో వారం" అని రాసి చూపించాను.

ఎందుకు రాశానో తెలియదు. గొంతు ఇంకా పచ్చిగానే ఉంది. తొందరపడితే మళ్ళీ మొదటికొస్తుంది. జాగ్రత్త మంచిది. అంతే.

మార్చి 30

గొంతు బాగానే ఉంది. భయం దాని గురించి కాదు. నోరు తెరిస్తే ఏం వస్తుందోనని. ఆవిడ ఇంత బాగా నడుపుతున్నప్పుడు నా నోట్లోంచి ఆ ఒక్క మాట ఊడిపడితే? పరీక్ష అయ్యేదాకా నోటికి తాళమే. తాళంచెవి బావమరిదికి కూడా ఇవ్వను.

ఏప్రిల్ 1

రేపే. అన్నం సయించలేదు. నాకు. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.

ఏప్రిల్ 2

పొద్దున్నే కారు కడిగాను. ఎర్తు స్క్రూ మరోసారి బిగించాను. బిగించడానికేమీ లేదు, చేతులు ఊరుకోలేదు.

పరీక్షల ఆఫీసులో నేర్పినవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోవాలి. పక్కసీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడు. ఆయన కాలు నా పెడల్ మీద పడిందంటే పరీక్ష పోయినట్టే. అంటే మూడో లైటు వెలిగితే ఆవిడకి ఆ ఉద్యోగం లేదు. ఈ మాట గేటు దగ్గర నిలబడ్డాకే తట్టింది. పాతసామాన్ల కొట్లోంచి తెచ్చి, నా చేతులతో నేనే పెట్టానా లైటు.

ఆవిడ దిండు సర్దుకుంది, అద్దం సర్దుకుంది. కారు కదిలింది. నేనూ బావమరిదీ గేటు ఊచలు పట్టుకుని కారు వెనకభాగాన్ని చూస్తూ ఉండిపోయాం. తిన్నటి దారి చివర కింద రెండూ వెలిగాయి. పైది చీకటి. కుడి ఇండికేటర్ చక్కగా, బ్రేకుతో గొడవపడకుండా కొట్టుకుంది. ఎత్తు మీద ఆగి బయలుదేరాలి, సగం మంది అక్కడే వెనక్కి జారుతారు. ఆగింది. రెండు లైట్లు. బయలుదేరింది.

మలుపు దగ్గర ఆఫీసు ప్యూన్ ఫైళ్ళు మోసుకుంటూ, అటూఇటూ చూడకుండా రోడ్డుకి అడ్డం పడ్డాడు.

నా కాలు గేటు దగ్గర నేలని బలంగా తొక్కింది. బావమరిది చూశాడు. వాడి కాలు కూడా నేలని తొక్కిపట్టే ఉంది.

కింద రెండూ ఎర్రగా వెలిగాయి. పైన చీకటి. కారు ఆగింది. ప్యూన్ తాపీగా దాటాడు. బావమరిది నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. నాకు కళ్ళు మసకబారాయి. ఎవరూ చదవరు కదా, రాస్తున్నాను: ఏడుపొచ్చింది.

ఇన్‌స్పెక్టరు దిగి కాగితం మీద సంతకం పెడుతూ, ఎవరు నేర్పారని అడిగాడు. ఆవిడ నన్ను చూపించింది. ఆయన నన్ను ఎరుగును. నా గొంతు ఇంకా బాగా ఎరుగును.

"ఈయన పక్కనుండగా ఇంత నిదానంగా ఎలా నేర్చుకున్నారమ్మా?"

"పక్కన కూర్చున్నారంతేనండి" అంది మా ఆవిడ, నావైపు చూస్తూ. నాకు ఎవరూ ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఇంటికి బయలుదేరాం. ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుంది. నేను పక్కసీటు తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక తలుపు తీసుకుని ఎక్కాను. ఈ కారు కొన్నాక వెనక సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. విశాలంగా ఉంది. ముందు సీటు ఎందుకు వదిలేశారన్నట్టు ఆవిడ అద్దంలోంచి చూసింది. బావమరిది స్కూటర్ దగ్గరికి వెళ్ళబోతూ, కిటికీలోంచి తల పెట్టాడు.

నేను గొంతు సవరించుకున్నాను.

"పోనియ్" అన్నాను.

బొంగురుగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది గొంతు. కానీ నాదే. బావమరిది నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నెలరోజులు కారు కడగాల్సిందే.

మా ఆవిడ ఉలిక్కిపడలేదు. అద్దం చూసుకుంది, ఇండికేటర్ వేసింది, మెల్లగా రోడ్డెక్కింది. స్కూటర్ కాస్త వెనకబడ్డాక అప్పుడు చెప్పింది.

"మొన్న నిద్రలో మాట్లాడారు. బ్రేక్ అన్నారు. వాడికి చెప్పలేదులెండి."

సిగ్నల్ ఎర్రబడింది. ముందు సీటు కింద, కార్పెట్ మీద, నా కాలు అటూఇటూ వెతికింది. దానికేమీ దొరకలేదు. కారు గీత దగ్గర మెత్తగా ఆగింది.